మా కారు తలుపుకి కుదిరిన జిగురు

పోయిన నెలలో నా కారు తలుపు చుట్టూ ఉండే రబ్బరు ఒకచోట ఊడి వేలాడుతుంటే, జూబ్లీహిల్స్‌లో కొత్తగా వెలసిన సర్వీసు సెంటరుకి తీసుకెళ్ళాను. సర్వీసు సెంటరు అంటే మనకు తెలిసిన గ్రీజు మరకల షెడ్డు కాదు. అద్దాల గోడలు, చల్లటి గాలి, కాఫీ పోసే యంత్రం, గోడ మీద పచ్చటి అడవి బొమ్మ. పంటి డాక్టరు దగ్గరికి వచ్చామో, కారు డాక్టరు దగ్గరికి వచ్చామో చప్పున తెలియదు. టై కట్టుకున్న కుర్రాడొకడు ఆ రబ్బరు కొసను రెండు వేళ్ళతో సుతారంగా పట్టుకుని, దాని మీద ఆశ వదులుకున్నట్టు తల ఊపి, మొత్తం డోర్ సీల్ మార్చాలనీ, ఆ పార్టు వేరే ఊరి నుంచి రావాలనీ చెప్పాడు. ఊడింది బెత్తెడే కదా, కాస్త జిగురు రాసి అతికించకూడదా అని అడిగాను. పెద్దావిడ నోట ఇంత మోటు మాట వస్తుందని అనుకోలేదేమో, అతను ఒక్క క్షణం తడబడ్డాడు. "గ్లూ మా పాలసీలో లేదు మేడమ్" అన్నాడు. నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. నా చిన్నతనంలో మా ఇంట్లో కొన్నేళ్ళపాటు జిగురు తప్ప వేరే పాలసీయే లేదు. ఏ జిగురు అన్నదాని మీదే మా ఇల్లు నడిచింది, ఒకసారి కూలబోయింది కూడా.

మా నాన్న పేరు దేవసహాయం. దేవుడి సహాయం పేరులోనే ఉంది కదా అని ఆయన మనుషుల సహాయం ఎన్నడూ అడగలేదు, ఎవరైనా చేస్తామన్నా పుచ్చుకోలేదు. మద్రాసులో ఒక సినిమా కంపెనీకి కార్లు చూసిపెట్టే ఉద్యోగం చేసేవారు. తెలుగు సినిమా మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు తరలివస్తుంటే, తాను లేకపోతే దానికి దారి తెలియదనుకున్నారో ఏమో, మమ్మల్నందరినీ వెంటబెట్టుకుని ఆయనా వచ్చేశారు. ఫిలింనగర్ అప్పటికింకా నగరం కాదు. బండరాళ్ళు, సీతాఫలం తుప్పలు, వాటి మధ్య అక్కడక్కడా సగం కట్టి ఆపేసిన గోడలు. ఒక పెద్ద బండను ఆనుకుని మాకు మూడు గదుల రేకుల ఇల్లు. నీళ్ళ ట్యాంకరు దయతలిచిన రోజున స్నానాలు, లేని రోజున ముఖం కడుక్కోవడాలు. మేము బిందెలు వరసలో పెట్టుకుని ట్యాంకరు కోసం ఎదురుచూస్తుంటే, ఎదురుగా స్టూడియోలో హీరో హీరోయిన్ల మీద ట్యాంకర్లకు ట్యాంకర్లు వాన కురుస్తుండేది. సినిమావాళ్ళ ప్రేమలకు అప్పట్లో అంత నీరు కావలసి వచ్చేది.

నాన్న మద్రాసులో కూడబెట్టిందంతా పోసి ఒక కారు కొన్నారు. పాతబస్తీలో ఎవరో నవాబుగారి వారసులు ఎలా వదిలించుకోవాలా అని చూస్తున్న పొడుగాటి విదేశీ కారు అది. మీగడ రంగు. ముందు సీటు సోఫాలాగా ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే. దాన్ని షూటింగులకు అద్దెకివ్వడమే నాన్న వ్యాపారం. కూతురు ప్రేమించిన పేదవాణ్ణి గుమ్మంలోంచే గెంటేసే జమీందారు తండ్రులకు అలాంటి కారు తప్పనిసరి, అలాంటి తండ్రులకు ఆ రోజుల్లో తెలుగు తెర మీద కొదవ లేదు. వాళ్ళందరూ మా కారులోంచే దిగారు. ఆదివారం మాత్రం అది జమీందారీ మానుకుని మా కుటుంబాన్ని వెంగళరావు నగర్ వైపున్న మా చర్చికి దింపేది. ప్రార్థనలో నాన్న కళ్ళు మూసుకునేవారు గానీ చెవులు మాత్రం బయట నిలిపిన కారు దగ్గరే ఉండేవి.

ఇంత వైభవానికీ ఒకటే లోటు, తలుపుల రబ్బరు. కారుతో పాటు వచ్చిన అసలు రబ్బరు ఏనాడో పొడిపొడిగా రాలిపోయింది. అలాంటిది ఊరంతా వెతికినా దొరకలేదు. దొరికేదల్లా బస్సులకూ లారీలకూ వేసే పట్టీ, మీటర్ల చొప్పున కోసి ఇస్తారు. అసలుదైతే తలుపు అంచున ఉన్న గాడిలో దానంతటదే కూర్చునేది. ఇది పరాయి రబ్బరు కనుక జిగురు పెట్టి నిలబెట్టాలి. రబ్బరు లేకపోతే తలుపు వేసినప్పుడల్లా డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు మోగుతుంది, దుమ్మంతా లోపలికొస్తుంది, సినిమా వాన పడితే జమీందారు ఒళ్ళో నీళ్ళు నిలుస్తాయి. కాబట్టి మా ఇంట్లో భోజనాల దగ్గర పిల్లల చదువుల గురించి కాక జిగురు గురించి చర్చ నడిచేది.

జిగురు విషయంలో మొదటి హక్కు మా తాతయ్యది, అంటే నాన్నకు నాన్న. మిషన్ స్కూల్లో హెడ్మాస్టరుగా రిటైరై, ఇంట్లో మాత్రం రిటైరవడం మరిచిపోయిన మనిషి. తెల్లవారగానే కీర్తన పాడుకుంటూ వరండాలో కూర్చుని సంఘంవాళ్ళ చిరిగిన బైబిళ్ళకూ పాటల పుస్తకాలకూ అట్టలు అతికించేవారు. తుమ్మబంక నానే గాజు సీసా, మైదా ఉడికించుకునే చిన్న గిన్నె, పుల్లకు గుడ్డ చుట్టి చేసుకున్న కుంచె ఆయన ఆస్తి. పొద్దుటి పూట ఉడికే మైదా వాసనా, వంటింట్లో అమ్మ వేసే ఇంగువ పోపు వాసనా కలిస్తే అదే నాకు ఇప్పటికీ ఇంటి వాసన. దేవుని వాక్యాన్ని పట్టి ఉంచే జిగురు నీ కారు తలుపును పట్టి ఉంచలేదా అని తాతయ్య అడిగారు. దానికి కాదనే ధైర్యం నాన్నకు ఎక్కడిది? మైదాలో తుమ్మబంక కలిపి తలుపుల చుట్టూ రాశారు. దేవుని వాక్యాన్ని ఎవరూ ఎండలో నిలబెట్టి నీళ్ళు కొట్టరన్న సంగతి తండ్రీకొడుకులిద్దరికీ తట్టలేదు. కొండ మీది చీమలన్నిటికీ కబురు వెళ్ళింది. ఆ వారం షూటింగులో ఒక జమీందారుగారు పేదవాణ్ణి గెంటేయాల్సిన చోట ఆ పని మానేసి, చొక్కా విప్పి దులుపుకున్నారు. తాతయ్య ఏమాత్రం చలించలేదు. జిగురులో దోషం లేదనీ, ఈ ఊరి చీమలకే క్రమశిక్షణ లేదనీ తేల్చారు.

రెండో జిగురు యాదగిరిది. రహమత్ నగర్ మలుపులో అతనికి పంక్చర్ల దుకాణం ఉండేది. లోకంలో ఊడిపోయేదేదైనా అతని కంటికి సైకిలు ట్యూబులాగే కనిపించేది. నాన్న చెప్పింది విని, "మైదాపిండి ఏంది సార్, గది రొట్టెలకు. రబ్బరుకు సొల్యూషనే దవా. గిట్ల రాసి గట్ల ఒత్తితే సచ్చేదాక ఊడది, ఫికర్ చెయ్యకు" అని భరోసా ఇచ్చాడు. చలికాలమంతా అతని మాట నిలిచింది. నాన్న యాదగిరిని పొగడని రోజు లేదు. ఎండలు ముదిరాక, బండల మధ్య నిలిపిన కారు పెనంలా కాలుతుంటే ఆ సొల్యూషన్ కరిగి పాకంలా తీగలు సాగింది. పాత్రలో లీనమై కారు దిగిన ఒక నటీమణి పట్టుచీర అంచు తలుపుతో పాటే ఉండిపోయింది. యాదగిరి దీన్ని కూడా తేలిగ్గానే తీసుకున్నాడు. తప్పు ఎండలదని చెప్పి, వానలు పడ్డాక రమ్మన్నాడు.

మూడోది సింగపూరు జిగురు. ఒక మేకప్ కళాకారుడు విదేశీ షూటింగు నుంచి తెచ్చి, కడు రహస్యంగా నాన్న చేతిలో పెట్టిన చిన్న గొట్టం. చుక్క పడితే చాలు, ఏనుగును గోడకు అతికించవచ్చన్నాడట. ఏనుగు సంగతి తెలియదు గానీ నాన్న బొటనవేలూ చూపుడువేలూ అతుక్కుపోయి, ఒక పూటంతా చిటికెడు ముక్కుపొడుం పట్టుకున్న భంగిమలో ఇంట్లో తిరిగారు. అమ్మ నూనె రాసి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి విడదీసింది. రబ్బరు అతుక్కుంది, కాదనను. కానీ ఆ జిగురు గాజులా గట్టిపడింది. రబ్బరు అన్నది వంగడానికి పుట్టింది. తలుపు వేసిన ప్రతిసారీ అది అప్పడంలా విరిగి ముక్కలు ముక్కలుగా రాలింది. విదేశీ వస్తువును అనుమానించడం నాన్నకు చేతకాదు కనుక, మన తలుపులకే దానికి తగ్గ స్థాయి లేదని సరిపెట్టుకున్నారు.

అసలు కథ నాలుగో జిగురుతో వచ్చింది. స్టూడియోలో సెట్లు వేసేవాళ్ళు చెక్క మీద రెక్సిను అతికించడానికి పసుపుపచ్చటి జిగురు వాడేవారు. సోఫాలకు తోలు తొడిగినట్టు అది అంటిపెట్టుకోవడం చూసి నాన్న ముచ్చటపడి ఒక డబ్బా తెచ్చుకున్నారు. డబ్బా మీద చిన్నచిన్న అక్షరాలతో ఎలా వాడాలో రాసి ఉంది. రాసి ఉన్నదాన్ని చదవడం నాన్న దృష్టిలో చేతకానివాళ్ళ పని. ఆ రోజు జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో పెద్ద హీరోగారి షూటింగు. ఆ సినిమాకు మూర్తిగారని ప్రొడక్షన్ మేనేజరు. ఈ ఒక్క రోజూ సవ్యంగా జరిగితే తమ కంపెనీ సినిమాలన్నిటికీ కార్లు ఏర్పాటు చేసే పని నాన్నకే అప్పగిస్తానని ఆయన మాటిచ్చారు. నాన్న అప్పటికే ఇంటి రేకులు తీయించి స్లాబు వేయించినట్టు మాట్లాడుతున్నారు. పొద్దున్నే డ్రైవరు వైపు తలుపు రబ్బరు మీద ఆ పసుపు జిగురు దోసెల పిండిలా దట్టంగా పులిమి, తలుపు బరువుకు అదే ఒత్తుకుంటుందని చెప్పి, పచ్చి మీదే తలుపు మూసేశారు. పొంగిన జిగురు అంచులు దాటి కారు ఒంటికి అంటుకుందన్నది ఆయన చూసుకోలేదు. అవతలి తలుపులోంచి ఎక్కి, సీటు మీద జరుగుతూ వచ్చి స్టీరింగు పట్టుకుని వెళ్ళిపోయారు. బడికి సెలవు కావడంతో వెనక సీట్లో నేనూ ఉన్నాను.

ఘట్టం ఏమిటంటే, లోపల హీరోయిన్‌కు వేరేవాడితో నిశ్చితార్థం జరుగుతుంటుంది. హోరున వాన. హీరో కారులో దూసుకొచ్చి, తలుపు తోసుకుని దిగి, మెట్ల మీద నిలబడ్డ మామగారిని నిలదీయాలి. జిగురు పూర్తిగా ఆరాలని నాన్న వినయంగా బతిమాలడంతో హీరోగారు కూడా అవతలి వైపు నుంచే ఎక్కారు. పైపుల్లోంచి వాన మొదలైంది. కారు వచ్చి ఆగింది. మెట్ల మీద మామగారు కోపంగా చూస్తున్నారు. హీరోగారు తలుపు పిడి తిప్పారు. రాలేదు. మళ్ళీ తిప్పారు. భుజంతో గుద్దారు. కారు ఊగింది గానీ తలుపు కదల్లేదు. కట్ చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. హీరోగారు నటిస్తుండగా కట్ చెప్పే అధికారం ఆ సెట్లో ఎవరికీ లేదు, దర్శకుడితో సహా. చివరికి ఆయనే అద్దం దించి, తల బయటపెట్టి, భుజాలు ఇరికించి, ఒక కాలు లాగి, రెండో కాలు లాగి, వానలో రెండు కాళ్ళ మీద నిలబడ్డారు. ప్యాంటు కుట్టు విడిపోయిన చప్పుడు వానహోరులో కలిసిపోయింది. ఆ నొప్పీ కోపమూ కలిపి మామగారి వైపు ఆయన చూసిన చూపులో నటన ఏమీ లేదు.

ఆ తర్వాత నాన్నను అందరూ కలిసి అన్న మాటలు ఇక్కడ రాయను. హీరోగారు గొడుగు కిందికి వెళ్ళి కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు, ఆయన తరఫున మాట్లాడడానికి పదిమంది ఉన్నారు. కారు తీసుకుని వెళ్ళిపొమ్మనీ, మళ్ళీ ఈ ఛాయలకు రావద్దనీ మూర్తిగారు చెప్పారు. మేము అవతలి తలుపులోంచే ఎక్కి ఇంటికొచ్చాం. దారంతా నాన్న రోడ్డుకేసే చూశారు. నేను ఏదో అనబోతే తల అడ్డంగా ఊపారు. మరి తర్వాత ఏమైందంటే, తీసిన బొమ్మను ల్యాబులో వేసి చూసుకున్నప్పుడు దర్శకుడికి అది అద్భుతంగా కనిపించింది. సినిమా విడుదలై ఆ కిటికీ దగ్గరకు వచ్చేసరికి హాల్లో ఈలలు, కాగితాల వాన. ప్రేమకు తలుపులు మూసినా ఆగదని దర్శకుడు ఆ షాటుకు అర్థం చెప్పారట. ఆ ఆలోచన అప్పటికప్పుడు తనకే మెరిసిందని హీరోగారు చెప్పారట. తలుపు రాకపోవడమంతా నాన్న తప్పు, కిటికీలోంచి రావడమంతా హీరోగారి ప్రతిభ. పని విభజన అంత స్పష్టంగా జరిగింది. ఇంత జరిగినా నాన్నకు మాత్రం ఎవరూ కబురు పెట్టలేదు.

అప్పటిదాకా పొద్దున్నే లేచి పాత పంచె ముక్కతో కారు తుడిచే మనిషి, కారు వైపు వీపు పెట్టి కూర్చుని పేపరు చదవడం మొదలుపెట్టారు. చదివిన పేజీనే మళ్ళీ చదివేవారు. తిరిగి మద్రాసు వెళ్ళిపోదామా అని ఒకసారి అమ్మను అడగడం విన్నాను. మద్రాసులో మనకింకేముందని అమ్మ అడిగింది. ఇంట్లో సందడి పోయింది. తాతయ్య కూడా కీర్తన గొంతు తగ్గించి పాడేవారు.

మా అమ్మ రూతమ్మను ఇంతసేపూ వంటింట్లోనే ఉంచి రాశాను. అప్పట్లో ఆమెను అక్కడే ఉంచారు మరి. జిగురు చర్చల్లో ఆమె పాత్ర వడ్డించడం వరకే. ఒక మధ్యాహ్నం నాన్న నిద్రపోతుంటే ఆమె ఆ పసుపు డబ్బా తెచ్చుకుని గుమ్మంలో కూర్చుంది. మిషన్ స్కూల్లో చదువుకున్న ఇంగ్లీషును కూడబలుక్కుంటూ, తెలియని మాట దగ్గర నన్ను అడుగుతూ, మొదటి నుంచి చివరి దాకా చదివింది. చదివి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"రెండు వైపులా రాయాలంట. పల్చగా రాయాలంట. రాసి, ఆరేదాకా ఆగాలంట. ఈ ఇంట్లో ఇవన్నీ ఎవరు చేస్తారే?" అంది.

ఆ కింది వాక్యం కూడా చదివాం. ఒకసారి కలిపి నొక్కాక మళ్ళీ సర్దుకోవడానికి వీలుండదు కాబట్టి ముందే సరిగా చూసుకోమని రాసి ఉంది. అచ్చం పెళ్ళిలాగే ఉందని అమ్మ గొణుక్కుంది.

ఆ మర్నాటి నుంచి వంట ముగిశాక ఆమె కారు దగ్గర కూర్చునేది. ముందు పాత జిగుర్లన్నీ తీయాలి. తాతయ్య మైదాను వేడినీళ్ళతో నానబెట్టి కడిగింది. యాదగిరి సొల్యూషన్‌ను పెట్రోలు గుడ్డతో తుడిచింది. సింగపూరు జిగురును నాన్న పాత బ్లేడుతో గీకింది. మా ఇంటి మగవాళ్ళ అభిప్రాయాలన్నీ పొరలు పొరలుగా ఊడి వచ్చాయి. డ్రైవరు తలుపును మాత్రం అట్లకాడ సందులో దూర్చి అంగుళం అంగుళం విడదీసింది. తర్వాత కొత్త రబ్బరును గరుకు కాగితంతో కాస్త రుద్ది, తలుపుకూ రబ్బరుకూ రెండింటికీ పల్చగా జిగురు రాసి, నీడలో కూర్చుని ఆగింది. ఆగడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. వడియాలు పెట్టినా, చింతపండు ఆరబెట్టినా, చూపుడువేలి కొసతో తాకి చూసి ఇంకా పచ్చిగా ఉందో లేదో చెప్పేది. జిగురునూ అలాగే తాకింది. వేలికి అంటకుండా, లోపల మాత్రం మెత్తగా ఉన్న ఘడియ చూసి, ఒక మూల నుంచి మొదలుపెట్టి రబ్బరును అద్దుకుంటూ వెళ్ళింది. తలుపులు ఒక రోజంతా తెరిచే ఉంచింది. మూసే ముందు, రబ్బరు కారు ఒంటికి పట్టుకోకుండా తన ముఖానికి రాసుకునే పౌడరును దాని మీద చల్లింది. ఇదంతా జరుగుతున్నంతసేపూ నాన్న పేపరు అడ్డం పెట్టుకుని ఉన్నారు. ఆ పేపరు కొన్నిసార్లు తలకిందులుగా ఉండేది.

పని అయ్యాక అమ్మ ఆయన్ను కారులో కూర్చోమంది. నీళ్ళు పోసి చూద్దామంది. నాన్న, ఇంకెన్ని చూడాలి అన్నట్టు లేచి వెళ్ళి, డ్రైవరు సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నారు. బట్టలు జాడించిన నీళ్ళను అమ్మ రెండు మూడు రోజులుగా గంగాళంలో దాచి ఉంచింది. ఆమె బండ మీదకు ఎక్కి నిలబడితే నేను కింది నుంచి బకెట్లు అందించాను. నీళ్ళు కారు పైకప్పు మీద నుంచి తలుపుల మీదుగా ధారలు కట్టాయి. గంగాళం ఖాళీ అయింది. నాన్న బయటికి రాలేదు. మళ్ళీ తలుపు పట్టేసిందేమోనని నేను బకెట్టు కింద పెట్టేశాను. అమ్మ కిందికి దిగి, అద్దం మీద నీళ్ళు చేత్తో తుడిచి లోపలికి చూసింది. ఆయన తలుపు అంచు చుట్టూ అరచేత్తో తడుముకుంటూ కూర్చుని ఉన్నారు. చాలాసేపటికి తలుపు తెరిచారు. అది చప్పుడు లేకుండా వచ్చింది.

"ఒక్క చుక్క రాలేదు రూతూ" అన్నారు. దిగుతూ, "నీ పౌడరు వాసనేస్తోంది" అన్నారు.

అమ్మ బకెట్లు సర్దుకుంటూ, వాసనొస్తే వచ్చింది గానీ ముందు ముఖం కడుక్కోండి, అంది. ఆయన ముఖం మీద నీళ్ళున్నాయి. లోపలికి చుక్క కూడా రాలేదని అప్పుడే కదా చెప్పారు.

కొన్నాళ్ళకు మూర్తిగారు మా ఇంటికి వచ్చారు. కుర్చీ వేసినా కూర్చోకుండా కారు చుట్టూ తిరిగారు. ఆ సినిమా ఆడినప్పటి నుంచి ప్రతి హీరోకూ వాన కావాలట, కారు కావాలట, కిటికీలోంచి దిగాలట. ఇప్పుడు తీస్తున్న సినిమాలో కొత్త హీరో అయితే అదే కారు కావాలని పట్టుబట్టాడట. పాత మాటలేవీ మనసులో పెట్టుకోవద్దని చెప్పి, అసలు విషయానికి వచ్చారు.

"ఆ రోజు చేసినట్టే కాస్త జిగురు పులిమి తలుపు బిగించెయ్యండి సహాయం గారూ. కార్ల పనంతా మీకే ఇస్తాను."

ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన మాట అది. నాన్న సినిమావాళ్ళు అడిగింది కాదనగా నేను అంతవరకూ చూడలేదు. ఎర్రరంగు కారు కావాలంటే మీగడ రంగు కారుకు ఎర్ర కాగితాలు అతికించిన మనిషి. ఆయన వంటింటి గుమ్మం వైపు చూశారు. అమ్మ అక్కడ నిలబడి ఉంది. ఆయన మూర్తిగారి వైపు తిరిగారు.

"అది కుదరదండీ. ఆ తలుపులు మా ఆవిడ అతికించింది" అన్నారు.

మూర్తిగారు నవ్వారు. పరాచికం అనుకున్నారు. నాన్న నవ్వకపోయేసరికి ఆపేశారు. మరి కిటికీలోంచి దిగడం ఎలాగండీ అని అడిగారు.

"తలుపు రానట్టు నటించమనండి. హీరో కదా" అన్నారు నాన్న.

ఆ షూటింగుకు అమ్మ మొదటిసారి వచ్చింది. చర్చికి కట్టే చీర కట్టుకుని, నాన్న పక్కన గొడుగు కింద నిలబడింది. కొత్త హీరో అన్నీ నేర్చుకుని వచ్చాడు, గుర్రమెక్కడం, కత్తి తిప్పడం, ఏడవడం. తలుపు రానట్టు నటించడం ఒక్కటే ఎవరూ నేర్పలేదు. అతను పిడి ముట్టుకుంటే చాలు, తలుపు మర్యాదగా తెరుచుకునేది. గట్టిగా గుద్దమని దర్శకుడు చెబితే గుద్దాడు, తలుపుతో పాటు వెళ్ళి బురదలో పడ్డాడు. మధ్యాహ్నానికి యూనిటంతా తడిసి ముద్దయింది. మూర్తిగారు అమ్మ దగ్గరికి వచ్చి, ఈ తలుపు కొంచెం పట్టేసేలా ఏమైనా చేయగలరా అని చేతులు నలుపుకుంటూ అడిగారు.

"ఊడకుండా అతికించడమే నాకు వచ్చండీ" అంది అమ్మ. "రాకుండా అతికించడం మా ఆయన విద్య."

నాన్న నవ్వారు. మామూలుగా కాదు, గొడుగు జారిపోయేంతగా. సౌండు ఇంజనీరు చెవుల మీది యంత్రం తీసి మరీ ఇటు చూశాడు. చివరికి ఎవరో లోపల కూర్చుని కనబడకుండా తలుపు పట్టుకుంటే ఆ షాటు పూర్తయింది. సినిమా అంతగా ఆడలేదు గానీ కార్ల పని నాన్నకే వచ్చింది, రబ్బరు పని అమ్మకు. ఆ తర్వాత చాలా ఏళ్ళపాటు, ఏ షూటింగు కారుకు తలుపు రబ్బరు ఊడినా మా ఇంటికే తెచ్చేవారు. ఆమెను ఇండస్ట్రీలో రబ్బరమ్మగారు అనేవారు. వినడానికి బాగుండకపోయినా, తెర మీద పడే చాలా పేర్లకన్నా కష్టపడి సంపాదించుకున్న పేరది.

ఇప్పుడు ఆ బండలు లేవు. పగలగొట్టి, వాటి ముక్కలతోనే వాటి స్థానంలో ఇళ్ళు కట్టి, ఆ ఇళ్ళ ముందు అలంకారానికి వేరే ఊళ్ళ నుంచి బండలు తెప్పించుకుంటున్నారు. వానలు కంప్యూటర్లలో కురుస్తున్నాయి, నీళ్ళు ఆదా అవుతున్నాయి గానీ ట్యాంకర్లు మాత్రం అలాగే తిరుగుతున్నాయి. ఊడినదాన్ని అతికించేవాళ్ళు తక్కువ, మార్చేవాళ్ళు ఎక్కువ. అప్పుడంతా బాగుండేదని నేను అనను. చీమలు కుట్టిన జమీందారుని అడిగితే ఆయనా అనడు. అప్పుడు ఒక వస్తువు మా దగ్గర చాలాకాలం ఉండేది, దానితో వేగడంలో మనుషులం ఒకళ్ళకొకళ్ళం కాస్త తెలిసేవాళ్ళం. అంతే తేడా.

ఆ కారును చివరికి ఒక హోటలువాళ్ళు ముంగిట్లో అలంకారంగా పెట్టుకోవడానికి కొన్నారు. తీసుకెళ్ళడానికి మనుషులు వచ్చిన రోజు నాన్న లోపలే ఉండిపోయారు. తాళాలు నా చేత పంపించారు. అమ్మ మాత్రం బయటికి వచ్చి కారు చుట్టూ తిరిగి, ఒక్కొక్క తలుపూ తెరిచి, వేసి, చప్పుడు విన్నది. వచ్చినవాళ్ళలో ఒకడు సామాను లోపల పడేసి తలుపు దఢాలున వేయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"గట్టిగా వెయ్యకు నాయనా" అంది. "మెల్లగా నెడితే చాలు, అదే పడుతుంది."